ఎందుకని ఎవరూ అడగని కథలు

ఒక ముసలమ్మ ఆత్రం ఆపుకోలేక కిటికీలోంచి మరీ ముందుకు వంగింది. కిందపడి చనిపోయింది. ఆమె ఎలా పడిందో చూద్దామని ఇంకో ముసలమ్మ తొంగిచూసింది. ఆమె కూడా ఆత్రం కొద్దీ జారి పడిపోయింది. ఆ తర్వాత మూడో ఆమె, నాలుగో ఆమె, ఐదో ఆమె. ఆరో ఆమె పడేసరికి కథ చెబుతున్న మనిషికి విసుగొచ్చింది. మాల్‌త్సెవ్ బజారులో ఒక గుడ్డివాడికి ఎవరో అల్లిన శాలువా ఇచ్చారని విని అటు వెళ్లిపోయాడు.

కథ అంతే. 1930ల్లో లెనిన్‌గ్రాడ్‌లో రష్యన్ రచయిత దానిల్ ఖార్మ్స్ రాశాడు. 1933 నుంచి 1939 దాకా రాసిన ముప్పై చిన్న రచనలను ఆయన ఒక వరుసలో కూర్చి, ‘స్లూచయి’ అని పేరు పెట్టి, భార్య మరీనా మాలిచ్‌కు అంకితమిచ్చాడు. తెలుగులో ‘సంఘటనలు’ అనుకోవచ్చు. ఆ రష్యన్ మాటలో ‘జరిగిన సంగతి’ అనే అర్థంతో పాటు ‘అనుకోకుండా తటస్థపడింది’ అనే ఛాయ కూడా ఉంది. ఈ కథలకు ఆ రెండూ కావాలి. వీటిలో చాలావాటికి ఒక పేజీ చాలు. కొన్నిటికి నాలుగైదు వాక్యాలే. మధ్యమధ్య చిట్టి నాటకాలు, ఇద్దరు మనుషులు తెగని వాదన పెట్టుకునే సంభాషణలు వస్తాయి.

తెలుగు పిల్లలు మొట్టమొదట వినే కథల్లో ఏడు చేపల కథ ఒకటి. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావంటే ఆవు మేయలేదు. అలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ పోతే చివరికి చీమ దగ్గర తేలుతుంది. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది చీమ. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని, అడిగితే అది దొరుకుతుందని, చిట్టచివరి కారణం న్యాయంగానే ఉంటుందని ఆ కథ పిల్లల మనసులో నాటుతుంది. ఖార్మ్స్ కథల్ని దాని పక్కన పెడితే వాటి పోకడ వెంటనే తెలిసిపోతుంది. ఇక్కడా చేప ఎండదు, కానీ ఎందుకని అడిగే రాజకుమారుడు లేడు. కథ గడ్డిమోపు దగ్గరే తెగిపోతుంది. కొన్నిసార్లు గడ్డిమోపు దాకా కూడా రాదు.

వరుస మొత్తానికి పేరిచ్చిన కథనే చూడండి. ఓర్లోవ్ రుబ్బిన బఠాణీ ఎక్కువ తిని చనిపోయాడు. ఆ సంగతి విని క్రిలోవ్ కూడా చనిపోయాడు. స్పిరిదోనోవ్ తనంతట తానే చనిపోయాడు. స్పిరిదోనోవ్ భార్య అల్మారా పైనుంచి పడి చనిపోయింది. పిల్లలు చెరువులో మునిగిపోయారు. అవ్వ తాగుడుకు అలవాటుపడి రోడ్డున పడింది. మిహైలోవ్ తల దువ్వుకోవడం మానేసి గజ్జి తెచ్చుకున్నాడు. పెరెఖ్రెస్తోవ్‌కు 400 రూబుళ్లు మనియార్డరు వస్తే, అతను ఎంత డాంబికానికి పోయాడంటే ఉద్యోగంలోంచి తీసేశారు. వీళ్లంతా మంచివాళ్లే, కానీ కాళ్ల మీద గట్టిగా నిలబడలేకపోతున్నారు అని కథ ముగుస్తుంది.

ఇందులో వాడిన భాష ఎక్కడిదో తెలుగు పాఠకులు తేలిగ్గానే పట్టుకుంటారు. దినపత్రికలో జిల్లా పేజీలో అడుగున వచ్చే నాలుగు లైన్ల వార్త భాష ఇది. ఇంటిపేరు, జరిగింది, ఫలితం. ఏడుపు లేదు, ఓదార్పు లేదు. ఒక్కో వాక్యం విడిగా చూస్తే వ్యాకరణం పరంగా, క్రమం పరంగా ఏ లోపమూ లేదు. ‘ఆ సంగతి విని’ అనే మాట కారణం చెబుతున్నట్టే ఉంటుంది, కానీ ఏమీ చెప్పదు. ఖార్మ్స్ కథలోని వింత అంతా ఇక్కడే ఉంది. దెయ్యాలు రావు, మనుషులు ఎగరరు. కారణం చెప్పాల్సిన చోట కారణం ఆకారంలో ఒక ఖాళీ ఉంటుంది. చదివేవాడి కాలు సరిగ్గా ఆ ఖాళీలో పడుతుంది.

ఇలాంటి ఖాళీ ఈయనకు ఎలా పట్టుబడింది అనే ప్రశ్నకు ఆయన జీవితంలో కొంత జవాబు ఉంది. అంతా ఉందనుకుంటే పొరపాటు.

అసలు పేరు దానిల్ ఇవానొవిచ్ యువాచెవ్. 1905 డిసెంబరులో, తర్వాత లెనిన్‌గ్రాడ్‌గా మారిన పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి ఇవాన్ యువాచెవ్ రష్యా చక్రవర్తి జార్ మీద కుట్ర పన్నిన ‘ప్రజా సంకల్పం’ విప్లవ సంస్థలో పనిచేసి, మరణశిక్ష పడి, అది కఠిన కారాగారంగా మారి, ష్లిస్సెల్‌బర్గ్ కోటలో, ఆపైన సఖాలిన్ ద్వీపంలో ఏళ్లు గడిపిన మనిషి. జైల్లో ఆయన విప్లవం వదిలి గాఢమైన దైవభక్తిలోకి వెళ్లాడు. కొడుకు పీటర్స్‌బర్గ్‌లోని జర్మన్ బడిలో చదివాడు. ఇంగ్లిషు, జర్మన్ నేర్చుకున్నాడు. బడి రోజుల్లోనే ఖార్మ్స్ అనే కలంపేరు పెట్టుకున్నాడు. ఇంగ్లిషులో ‘చార్మ్’ అంటే ఆకర్షణ, ‘హార్మ్’ అంటే హాని. ఆ రెండూ కలిసిన పేరని కొందరంటారు, ఆయనకు ఇష్టమైన షెర్లాక్ హోమ్స్ పేరు రష్యన్ ఉచ్చారణలోంచి వచ్చిందని కొందరంటారు.

కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆయన రచన గుట్టుగా సాగింది కాదు. వెదెన్‌స్కీ, జబొలోత్‌స్కీ, వాగినోవ్, బాఖ్తెరెవ్ లాంటి కవులతో కలిసి ఒబేరియు అనే బృందం కట్టాడు. పేరును విప్పితే ‘వాస్తవ కళా సంఘం’ అని వస్తుంది. 1928 జనవరి 24న లెనిన్‌గ్రాడ్ ప్రెస్ హౌస్‌లో వాళ్లు ‘మూడు వామ గంటలు’ అనే కార్యక్రమం పెట్టారు. ఖార్మ్స్ బట్టల అల్మారా పైకెక్కి కవిత్వం చదివాడు. ‘ఎలిజవేతా బామ్’ అనే ఆయన నాటకం ఆ రాత్రే వేశారు. ఒక స్త్రీని అరెస్టు చేయడానికి ఇద్దరు మనుషులు తలుపు తడతారు. ఏ నేరానికో ఆమెకు తెలియదు, నాటకం తిన్నగా చెప్పదు. అరెస్టులు ఊరంతా పాకడానికి దాదాపు పదేళ్ల ముందు రాసిన నాటకం అది.

ఆ బృందం ప్రకటనలో ఒక మాట ఈ కథలకు తాళంచెవి లాంటిది. వస్తువును ఒట్టి కళ్లతో చూడండి, అప్పుడు దాని మీద పేరుకున్న పాత సాహిత్యపు పూత ఊడిపోతుంది అన్నారు వాళ్లు. ముసలమ్మ పడిపోవడాన్ని విషాదంగా చూడటం మనకు అలవాటు, గుణపాఠంగా చూడటమూ అలవాటు. ఆ రెండూ తీసేస్తే మిగిలేదేమిటో ఖార్మ్స్ రాశాడు. అది చదవడం హాయిగా ఉండదు. అయినా నవ్వొస్తుంది.

1930 ఏప్రిల్‌లో విద్యార్థుల హాస్టల్లో జరిగిన ప్రదర్శన తర్వాత ఒక పత్రిక వాళ్లను వర్గ శత్రువులుగా చిత్రిస్తూ దాడి చేసింది. ఒబేరియు అక్కడితో ఆగిపోయింది. ఆసరికి ఖార్మ్స్‌కు అన్నం పెడుతున్నవి పిల్లల పత్రికలు, ‘యోజ్’, ‘చిజ్’. పిల్లల రచయిత సముయిల్ మర్షాక్ ప్రోత్సాహంతో వాటిలో రాసిన పాటలు, కథలు పిల్లలకు నోటికి వచ్చేవి. పిల్లలంటే తనకు గిట్టదని ఆయన నోటుబుక్కుల్లో చాలాచోట్ల రాసుకున్నాడు. ఆ మాటలు దాచి ఆయనను ముచ్చటైన పిల్లల కవిగా చూపించడం సరికాదు. కథల్లోని కర్కశత్వానికి, ఆ రాతలకూ సంబంధం ఉంది.

1931 డిసెంబరులో ఆయనను అరెస్టు చేశారు. పిల్లల సాహిత్యంలో సోవియట్ వ్యతిరేక ముఠా నడిపారన్నది ఆరోపణ. నిర్బంధ శిబిరం శిక్ష మారి 1932లో కొన్ని నెలలు కూర్స్క్ పట్టణంలో ప్రవాసం గడిపి వెనక్కి వచ్చాడు. 1937లో ‘చిజ్’ పత్రికలో ఒక పిల్లల పాట వేశాడు. ఒక మనిషి సంచీ, కర్రా పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరాడు, నడిచి నడిచి ఒక పొద్దున చీకటి అడవిలోకి వెళ్లాడు, అప్పటినుంచి కనిపించలేదు. మీకెక్కడైనా కనిపిస్తే మాకు చెప్పండి అని పాట ముగుస్తుంది. దేశంలో ప్రతి వీధిలోనూ మనుషులు అలా మాయమవుతున్న సంవత్సరం అది. ఆ తర్వాత దాదాపు ఏడాది ఆయన రచనలు వేసుకోలేదు. ఆ నెలల డైరీ నిండా ఆకలి.

అదే ఏడాది అక్టోబరు 31న తనకు ఆసక్తి కలిగించేది ‘అర్థంలేనితనం’ ఒక్కటేనని, ఏ ప్రయోజనమూ లేనిదే తనకు కావాలని, జీవితంలో అసంబద్ధంగా బయటపడే ముఖమే తాను చూస్తానని ఖార్మ్స్ రాసుకున్నాడు. ఇది తీరిక ఉన్న మనిషి సరదాగా అన్న మాటలా వినిపిస్తుంది. ఆకలి రాతల పక్కనే ఇది కూడా ఉందని తెలిస్తే బరువు మారిపోతుంది.

ఇప్పుడు మళ్లీ కథల్లోకి.

‘కల’ అనే కథలో కలూగిన్ నిద్రపోయి కలగన్నాడు. తాను పొదలో కూర్చున్నాడు, పక్కనుంచి పోలీసు నడిచి వెళుతున్నాడు. మెలకువొచ్చి, మూతి గోక్కుని మళ్లీ పడుకున్నాడు. ఈసారి తాను పొద పక్కనుంచి నడుస్తున్నాడు, పొదలో పోలీసు దాక్కుని ఉన్నాడు. ఇలా స్థానాలు మారుతూ కల వెంటాడుతూనే ఉంటుంది. నాలుగు రోజులు వరసగా నిద్రపోయి లేచేసరికి ఎంత చిక్కిపోయాడంటే ఎప్పుడూ రొట్టె కొనుక్కునే దుకాణంలో గుర్తుపట్టక వేరే రొట్టె అంటగడతారు. చివరికి పారిశుద్ధ్య కమిషన్ ఇల్లిల్లూ తిరుగుతూ అతన్ని చూసి, ఈ మనిషి అపరిశుభ్రం, దేనికీ పనికిరాడు అని తేల్చి, చెత్తతో పాటు పారేయమని ఇంటి కమిటీకి ఆర్డరు వేస్తుంది. కలూగిన్‌ను మధ్యకు మడిచి చెత్తలో పారేస్తారు.

ఈ కథలో కల్పించింది ఒక్కటే, మనిషిని మడవడం. కమిషన్లు, ఇంటి కమిటీలు, కలలో కూడా వదలని పోలీసు, అన్నీ ఆ ఊరి రోజువారీ సరుకే. లెనిన్‌గ్రాడ్‌లో అప్పుడు చాలా కుటుంబాలు ఉమ్మడి ఫ్లాట్లలో బతికేవి. ఒకప్పటి సంపన్నుల ఇల్లు గదులుగా పంచితే, గదికో కుటుంబం, అందరికీ ఒకే వంటిల్లు, ఒకే మరుగుదొడ్డి. ఎవరు ఎప్పుడొచ్చారో, ఎవరింటికి ఎవరొచ్చారో అందరికీ తెలిసేది. అలాంటి చోట ‘పనికిరాని మనిషి’ అనే ముద్ర కాగితం మీద పడితే ఏమవుతుందో చదివేవాళ్లకు వివరించనక్కర్లేదు.

వ్యంగ్యం అంటే సాధారణంగా గురి ఉంటుంది. అదే ఊళ్లో అదే కాలంలో మిహాయిల్ జోషెంకో కూడా ఉమ్మడి వంటిళ్ల మీద, లంచగొండి గుమాస్తాల మీద పొట్టి కథలు రాసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. జోషెంకో కథలో నవ్వు ఒక మనిషి మీదికి పోతుంది, వాడు మారితే బాగుండుననిపిస్తుంది. ఖార్మ్స్ కథలో మారాల్సిన మనిషి దొరకడు. ‘ఇప్పుడు దుకాణాల్లో ఏం అమ్ముతున్నారు’ అనే కథలో కొరతీగిన్, తికకేయెవ్ అనే ఇద్దరు, ఇంటికొస్తే లేవేం అన్న చిన్న మాట మీద తగువుపడతారు. తికకేయెవ్ సంచీలోంచి అన్నిటికంటే పెద్ద దోసకాయ తీసి కొరతీగిన్ నెత్తిన కొడతాడు. అతను చనిపోతాడు. ఇప్పుడు దుకాణాల్లో ఎంత పెద్ద దోసకాయలు అమ్ముతున్నారో చూడండి అని కథకుడు ముగిస్తాడు. ఒక హత్యను సరఫరా బాగుందనే శుభవార్తగా మార్చేసిన ఆ వాక్యంలో, ఆ రోజుల్లో పత్రికలు ప్రతిదాన్నీ విజయంగా చెప్పిన పద్ధతి యథాతథంగా ఉంది. కానీ ఎవరి పేరూ లేదు. కోపం కూడా లేదు. వ్యంగ్యం వాక్య నిర్మాణంలోకి ఇంకిపోయింది.

‘సానెట్’ అనే వచన కథ ఇంకో దారి పడుతుంది. ఒకతను ఏడు ముందొస్తుందా ఎనిమిది ముందొస్తుందా అన్నది మరిచిపోతాడు. పక్కింటివాళ్లను అడిగితే వాళ్లూ మరిచిపోయారు. అందరూ కలిసి మూల దుకాణంలో క్యాషియరు దగ్గరికి వెళతారు. ఆమె దిగులుగా నవ్వి, నోట్లోంచి చిన్న సుత్తి తీసి, ఎనిమిది ఏడు తర్వాత వచ్చే సందర్భంలో ఏడు ఎనిమిది తర్వాత వస్తుందనుకుంటా అంటుంది. సంతోషంగా బయటికొచ్చాక ఆ జవాబులో ఏమీ లేదని తెలుస్తుంది. వేసవి తోటకెళ్లి చెట్లు లెక్కపెడతారు. ఆరు దాకా అందరూ ఒకటే. తర్వాత వాదన. అదృష్టవశాత్తూ అప్పుడే ఒక పిల్లాడు బెంచీ మీదనుంచి పడి రెండు దవడలూ విరగ్గొట్టుకుంటాడు. దానితో వాదన మరిచి అందరూ ఇళ్లకు పోతారు.

ఇందులో అన్నిటికంటే భయం వేసేది సుత్తి కాదు, ‘అదృష్టవశాత్తూ’ అనే మాట. ముసలమ్మల కథలో బజారుకు వెళ్లిపోయిన మనిషి, దోసకాయ సైజు మెచ్చుకున్న మనిషి, పిల్లాడి దవడలు విరిగితే ఊరట పొందిన మనిషి ఒకే తీరు. ప్రతి కథలోనూ కథ చెప్పేవాడి చూపు సరిగ్గా చూడాల్సిన క్షణంలో పక్కకు తిరుగుతుంది. ఖార్మ్స్ వ్యంగ్యానికి నిజమైన గురి ఆ తిరిగిన ముఖమే. ఆరో ముసలమ్మ పడేసరికి పాఠకుడికి కూడా లెక్క తప్ప మనిషి గుర్తుండదు. ఆ సంగతి పాఠకుడికి తెలిసేలోపే కథ అయిపోతుంది.

‘కంటి భ్రమ’ కథలో ఇదే సూటిగా కనిపిస్తుంది. సెమ్యోన్ సెమ్యోనొవిచ్ కళ్లజోడు పెట్టుకుని పైన్ చెట్టుకేసి చూస్తే, చెట్టు మీద ఒక పల్లెటూరి మనిషి కూర్చుని పిడికిలి చూపిస్తున్నాడు. కళ్లజోడు తీస్తే ఎవరూ లేరు. పెట్టుకుంటే ఉన్నాడు. ఇలా కొన్నిసార్లు చూశాక, దీన్ని నమ్మడం ఇష్టం లేక కంటి భ్రమ అని తీర్మానించుకుంటాడు. ‘ఇష్టం లేక’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. బలవంతంగా పంట లాక్కుని, పొలాలు కలిపేసి, 1932, 1933 కరువులో లక్షల మంది పల్లె జనం చచ్చిపోయిన దేశంలో, పట్నం మనిషికి స్పష్టంగా చూస్తే పల్లె మనిషి పిడికిలి కనబడుతోంది. ఇలా చదవమని ఖార్మ్స్ ఎక్కడా చెప్పలేదు. అయినా ఇలా చదవకుండా ఉండటం కష్టం.

అలాగని ప్రతి కథనూ రాజకీయ పొడుపుకథగా విప్పుకుంటూ పోతే కథ చేజారుతుంది. దానికి మంచి పరీక్ష ఈ వరుసలో మొదటి కథే. ‘నీలి నోటుబుక్కు, పదో నంబరు’ అని దాని పేరు. 1937 జనవరి 7న రాశాడు. ఒక ఎర్రజుట్టు మనిషి ఉండేవాడు, అతనికి కళ్లూ చెవులూ లేవు. జుట్టు కూడా లేదు, కాబట్టి ఎర్రజుట్టు అనడం మాటవరసకే. నోరు లేదు గనక మాట్లాడలేడు. ముక్కూ లేదు. చేతులు, కాళ్లు, పొట్ట, వీపు, వెన్నెముక, పేగులు ఏవీ లేవు. ఏమీ లేదు. కాబట్టి ఎవరి గురించి మాట్లాడుతున్నామో అర్థం కాదు. ఇక అతని గురించి మాట్లాడకపోవడమే మంచిది.

నోటుబుక్కులో ఈ కథ పక్కన ఖార్మ్స్, జర్మన్ తత్వవేత్త కాంట్‌ను ఉద్దేశించి, ‘కాంట్‌కు వ్యతిరేకంగా’ అని రాసుకున్నాడు. అంటే ఇది ముందుగా తత్వశాస్త్రపు ప్రశ్న. గుణాలన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తే వెనక వస్తువు అనేది మిగులుతుందా? ఆయన మిత్రులైన లిపావ్‌స్కీ, ద్రూస్కిన్‌లతో ఇలాంటి చర్చలు ఏళ్ల తరబడి నడిచాయి. కానీ అదే జనవరిలో మాస్కోలో బహిరంగ విచారణలు జరుగుతున్నాయి. ఫోటోల్లోంచి ముఖాలు చెరిపేస్తున్నారు. ‘అతని గురించి మాట్లాడకపోవడమే మంచిది’ అనే మాట ప్రతి వంటింట్లో గుసగుసగా వినబడేది. ఈ కథలో తత్వమూ, భయమూ విడివిడిగా లేవు. తర్కం ప్రకారం మనిషిని చెరిపే పద్ధతి, ప్రభుత్వం మనిషిని చెరిపే పద్ధతి ఒకే వాక్యంతో ముగుస్తాయని ఇంత చిన్న కథలో చూపించిన రచన ఆ కాలంలో మరొకటి కనపడదు.

పుష్కిన్ మీద రాసినవి తేలిగ్గా ఉంటాయి. 1937లో పుష్కిన్ చనిపోయి నూరేళ్లయిన సందర్భంగా దేశమంతా సంబరాలు జరిగాయి. ప్రతి బడిలో, ఫ్యాక్టరీలో ఆయన బొమ్మ పెట్టారు. ఖార్మ్స్ పుష్కిన్‌కు నలుగురు కొడుకులు, అందరూ తెలివితక్కువవాళ్లు, వాళ్లలో ఒకడు భోజనాల దగ్గర ఎప్పుడూ కుర్చీలోంచి పడిపోతుండేవాడు, పుష్కిన్ కూడా పడిపోయేవాడు అని రాశాడు. ఇంకో చిట్టి నాటకంలో గోగోల్, పుష్కిన్ ఒకరి మీద ఒకరు తట్టుకుని పడుతూ తిట్టుకుంటూ ఉంటారు, అంతే. పుష్కిన్‌ను వెక్కిరించడం ఆయన ఉద్దేశం కాదు. విగ్రహాన్ని పడగొట్టి మనిషిని ఒడ్డున పడేశాడు.

తెలుగులోకి తెస్తే ఈ కథలకు ఒక ప్రమాదం ఉంది. నవ్వించాలనే ఆత్రంలో అనువాదకులు మాటల్లో చమత్కారం కలుపుతారు. పాత్ర పేరును వెటకారంగా మారుస్తారు, ‘పాపం’ అని ఒక మాట చేరుస్తారు. ఆ ఒక్క మాటతో కథ చచ్చిపోతుంది. పంచనామా రాసినట్టు, హాజరుపట్టీ చదివినట్టు పొడిగా ఉండాలి. చదివేటప్పుడు కూడా ముప్పై ఒకేసారి చదివేస్తే ఆరో ముసలమ్మ దగ్గర వచ్చిన విసుగే వస్తుంది. రోజుకు రెండో మూడో చాలు.

1941 ఆగస్టు 23న ఖార్మ్స్‌ను మళ్లీ అరెస్టు చేశారు. జర్మన్ సైన్యం ఊరికి దగ్గరపడుతోంది. ఓటమి మాటలు ప్రచారం చేస్తున్నాడన్నది నేరం. మతి స్థిరం లేదని తేల్చి జైలు మానసిక వార్డులో పెట్టారు. సెప్టెంబరు 8న ముట్టడి మొదలైంది. ఆ ఏడాది నవంబరు చివర, డిసెంబరులో, ఉద్యోగం లేనివాళ్లకు, పిల్లలకు రోజుకు 125 గ్రాముల రొట్టె. జైల్లో ఉన్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 1942 ఫిబ్రవరి 2న ఆయన అక్కడే చనిపోయాడు. వయసు ముప్పై ఆరు. అప్పటికి పెద్దల కోసం రాసిన వాటిలో అచ్చయినవి రెండు కవితలు మాత్రమే.

బాంబు దెబ్బ తిన్న ఇంట్లో కాగితాలు మిగిలిపోయాయి. 1942లో ఆకలితో నీరసించిపోయిన యాకొవ్ ద్రూస్కిన్ మరీనా మాలిచ్‌తో కలిసి వెళ్లి వాటిని ఒక చిన్న సూట్‌కేసులో సర్ది తెచ్చుకున్నాడు. ఊరు వదిలిపోయినప్పుడు కూడా దాన్ని వెంట తీసుకెళ్లాడు. మిత్రులు తిరిగొస్తారనే ఆశతో చాలా ఏళ్లు ఆ కాగితాల జోలికి పోలేదు. ఆ తర్వాత అవి చేతిరాతల్లో, టైపు కాపీల్లో రహస్యంగా చేతులు మారాయి. సొంత దేశంలో ఆయన పెద్దల రచనలు పుస్తకంగా వచ్చింది 1988లో.

విశాలాంధ్ర దుకాణాల్లో మాస్కో నుంచి వచ్చిన చవక పుస్తకాలు కొనుక్కుని పుష్కిన్‌నీ, గోగోల్‌నీ, చెహోవ్‌నీ, గోర్కీనీ ఇంట్లోవాళ్లలా చేసుకున్న తెలుగు పాఠకుల తరాలకు ఈ పేరు చేరకపోవడానికి ఇదే కారణం. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోలో కూర్చుని అనువాదాలు చేస్తున్న రోజుల్లో, ఈ కథల రాతప్రతులు ఇంకా లెనిన్‌గ్రాడ్‌లో ద్రూస్కిన్ దగ్గరే ఉన్నాయి.